ట్రాఫిక్ లైట్ విధానం (కోవిడ్-19 విదేశీ ప్రయాణాలు)

ట్రాఫిక్ లైట్ విధానం అనునది కోవిడ్-19 మహమ్మారి కాలంలో విదేశీ ప్రయాణాలను నియంత్రించుటకు యునైటెడ్ కింగ్‌డమ్ ప్రభుత్వం అమలు చేసిన నిబంధనల సముదాయం. ఇది ఇంగ్లాండులో 2021 మే 17 నుండి 2021 అక్టోబరు 4 వరకు అమలులో ఉన్నది. స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లాండులలో ప్రజారోగ్యం ఆయా ప్రాంతీయ ప్రభుత్వాల అధీనంలోని అంశం కావున అక్కడ ఇవే నిబంధనలు కొద్దిపాటి తేడాలతో అమలయ్యాయి. ప్రపంచ దేశాలను ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అనే మూడు జాబితాలుగా విభజించి, ప్రయాణికుడు ఏ దేశం నుండి వచ్చుచున్నాడు అనే దానిని బట్టి అతడు చేయించుకోవలసిన పరీక్షలను, ఏకాంతవాసంలో ఉండవలసిన రోజులను నిర్ణయించడం ఈ విధానంలోని ముఖ్యాంశం. తరువాతి కాలంలో ప్రయాణికుడు టీకా వేయించుకున్నాడా, ఆ టీకా ఏ దేశంలో వేయబడినది అనే అంశాలు కూడా ఇందులో చేరాయి. భారతదేశం 2021 ఏప్రిల్ 23 నుండి ఆగస్టు 8 వరకు ఎరుపు జాబితాలో ఉండుట వలన, ఆ తరువాత కోవిషీల్డ్ టీకా గుర్తింపుపై వివాదం తలెత్తుట వలన ఈ విధానం బ్రిటన్‌లోని తెలుగువారిపై, అక్కడికి చదువులకు వెళ్ళిన విద్యార్థులపై గణనీయమైన ప్రభావం చూపినది.

నేపథ్యం

ఒక దేశంలోకి ప్రవేశించుటకు టీకా ధ్రువపత్రం చూపవలసి రావడం కోవిడ్‌తో మొదలైన ఆచారం కాదు. పచ్చజ్వరం వ్యాపించి ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుండి వచ్చేవారు ఆ టీకా వేయించుకున్నట్లు ధ్రువపత్రం చూపవలెనని భారతదేశంతో సహా అనేక దేశాలు చాలాకాలంగా కోరుచున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అంతర్జాతీయ ఆరోగ్య నియమావళి (2005) దీనికి ఆధారం. అయితే పచ్చజ్వరం విషయంలో అన్ని దేశాలకూ ఒకే నమూనా ధ్రువపత్రం, ఒకే నియమం ఉన్నాయి. కోవిడ్ విషయంలో అటువంటి ఏకరూపత లేకపోయినది. ఏ పరీక్ష చెల్లును, ఏ టీకా చెల్లును, ఎన్ని రోజులు చెల్లును అనే ప్రశ్నలకు ప్రతి దేశమూ తనదైన సమాధానం చెప్పుకొన్నది.

బ్రిటన్‌లో 2020 జూన్ 8 నుండి విదేశాల నుండి వచ్చే వారందరికీ 14 రోజుల స్వీయ ఏకాంతవాసం తప్పనిసరి అయినది. జూలైలో కొన్ని సురక్షిత దేశాలకు "ప్రయాణ నడవాలు" అనే పేరుతో మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు ఎంత అస్థిరమైనదో స్పెయిన్ ఉదంతం చాటినది. 2020 జూలై 25 సాయంత్రం వెలువడిన ప్రకటన ప్రకారం కొద్ది గంటలలోనే ఆ దేశం జాబితా నుండి తొలగిపోగా, అప్పటికే అక్కడ సెలవులు గడుపుచున్నవారు తిరిగి వచ్చిన పిమ్మట 14 రోజులు ఇంటికే పరిమితం కావలసి వచ్చినది. 2020 డిసెంబరు 14 నుండి ఏకాంతవాసాన్ని 10 రోజులకు తగ్గించారు. 2021 జనవరి 18 నుండి ప్రయాణ నడవాలను నిలిపివేసి, బయలుదేరుటకు ముందే పరీక్ష చేయించుకొనుటను తప్పనిసరి చేశారు. 2021 ఫిబ్రవరి 15 నుండి ఎరుపు జాబితా దేశాల నుండి వచ్చేవారిని ప్రభుత్వం ఎంపిక చేసిన హోటళ్ళలో ఉంచసాగారు.

2021 మార్చి 29 నుండి తగిన కారణం లేకుండా ఇంగ్లాండు విడిచి విదేశాలకు వెళ్ళుటకు ప్రయత్నించిన వారికి 5,000 పౌండ్ల జరిమానా విధించే నియమం వచ్చినది. విహారయాత్ర తగిన కారణంగా పరిగణింపబడలేదు. ఈ నిషేధాన్ని తొలగించి ప్రయాణాలను తిరిగి ప్రారంభించుటకు మార్గాలు సూచిస్తూ గ్లోబల్ ట్రావెల్ టాస్క్‌ఫోర్స్ 2021 ఏప్రిల్ 9న నివేదిక వెలువరించినది. దాని ఆధారంగా రవాణా మంత్రి గ్రాంట్ షాప్స్ మే 7న తొలి జాబితాలను ప్రకటించారు.

మూడు జాబితాలు

ఆకుపచ్చ జాబితా: ఈ దేశాల నుండి వచ్చేవారు బయలుదేరుటకు ముందు ఒక పరీక్ష, ఇంగ్లాండు చేరిన తరువాత రెండవ రోజున లేక అంతకు ముందు ఒక పీసీఆర్ పరీక్ష చేయించుకోవలెను. ఏకాంతవాసం లేదు. తొలి జాబితాలో పోర్చుగల్, ఇజ్రాయెల్, జిబ్రాల్టర్, ఐస్‌లాండ్, ఫారో దీవులు, సింగపూర్, బ్రూనై, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మొదలైనవి ఉన్నాయి. వీటిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు ఆనాడు విదేశీ పర్యాటకులను అసలు రానివ్వడమే లేదు. కావున సెలవులకు నిజంగా వెళ్ళగలిగిన పెద్ద గమ్యం పోర్చుగల్ ఒక్కటే అయినది.

పసుపు జాబితా: ఆంగ్లంలో అంబర్ అని వ్యవహరించిన ఈ జాబితాలో అత్యధిక దేశాలు ఉండేవి. ఇక్కడి నుండి వచ్చేవారు బయలుదేరుటకు ముందు ఒక పరీక్ష, చేరిన తరువాత రెండవ రోజున, ఎనిమిదవ రోజున పీసీఆర్ పరీక్షలు చేయించుకొని, ఇంటి వద్ద 10 రోజులు ఏకాంతంగా ఉండవలెను. ఇంగ్లాండులో అయిదవ రోజున సొంత ఖర్చుతో అదనపు పరీక్ష చేయించుకొని, వ్యాధి లేదని తేలినచో ముందుగా బయటకు వచ్చే అవకాశం కలదు. 2021 జూలై 19 నుండి బ్రిటన్‌లో రెండు మోతాదులు పూర్తి చేసుకున్నవారికి ఏకాంతవాసం, ఎనిమిదవ రోజు పరీక్ష రద్దు అయ్యాయి. ఆగస్టు 2 నుండి ఐరోపా సమాఖ్యలోను, అమెరికాలోను టీకా వేయించుకున్న వారికి కూడా ఈ సౌలభ్యం కలిగినది.

ఎరుపు జాబితా: గడచిన 10 రోజులలో ఈ దేశాలలో ఉన్నవారిలో బ్రిటిష్, ఐరిష్ పౌరులు, బ్రిటన్‌లో నివాసార్హత గలవారు మాత్రమే రావచ్చును. వారు ముందుగా పరీక్ష చేయించుకొని, సొంత ఖర్చుతో ప్రభుత్వ నిర్ణీత హోటలులో 10 రోజులు ఉండి, రెండవ, ఎనిమిదవ రోజులలో పరీక్షలు చేయించుకోవలెను. టీకా వేయించుకున్నవారికి కూడా ఇందులో మినహాయింపు లేదు. ఎరుపు జాబితా దేశంలో ఉన్న సంగతిని దాచి అసత్య వివరాలు ఇచ్చినవారికి 10 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చునని ప్రభుత్వం హెచ్చరించినది.

పరీక్షలు, రోజుల లెక్క

ప్రయాణికులు ఎక్కువగా తడబడిన విషయం రోజుల లెక్క. దీనిలో గమనింపదగిన అంశాలు ఇవి.

బయలుదేరుటకు ముందు పరీక్ష ప్రయాణానికి ముందు మూడు రోజులలోపు చేయించుకోవలెను. ఇక్కడ లెక్క గంటలలో కాక రోజులలో జరుగును. శుక్రవారం నేరుగా ఇంగ్లాండుకు ప్రయాణించే వ్యక్తి అంతకు ముందు మంగళ, బుధ, గురువారాలలో గాని, శుక్రవారం విమానం ఎక్కుటకు ముందు గాని పరీక్ష చేయించుకోవచ్చును. కానీ అనేక ఇతర దేశాలు 72 గంటలు లేక 48 గంటలు అని గంటలలో లెక్కించేవి. అటువంటి చోట ఉదయం పరీక్ష చేయించుకొని, విమానం ఆలస్యమైనచో పత్రం చెల్లకపోవు ప్రమాదం ఉండేది.

ఇంగ్లాండు చేరిన రోజును సున్నా రోజుగా లెక్కించేవారు. మరునాడు మొదటి రోజు అగును. సోమవారం దిగిన వ్యక్తికి రెండవ రోజు బుధవారం. అతని ఏకాంతవాసం పదవ రోజు ముగిసే వరకు, అనగా తరువాతి గురువారం అర్ధరాత్రి వరకు ఉండును.

పరీక్షలు ముఖ్యంగా రెండు రకాలు. పీసీఆర్ పరీక్షలో ముక్కు, గొంతుల నుండి తీసిన నమూనాలోని వైరస్ జన్యుపదార్థాన్ని ప్రయోగశాలలో అనేక రెట్లు పెంచి గుర్తిస్తారు. ఇది మిక్కిలి సున్నితమైనది, ఫలితానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పట్టును. వ్యాధి నయమైన తరువాత కూడా మిగిలిన జన్యుశకలాల కారణంగా కొన్ని వారాల పాటు వ్యాధి ఉన్నట్లు చూపవచ్చును. రెండవది లేటరల్ ఫ్లో అనబడే సత్వర యాంటిజెన్ పరీక్ష. ఇది వైరస్ ప్రోటీనును గుర్తించును. అరగంటలోపే ఫలితం తెలియును, ధర తక్కువ. అయితే వైరస్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు పసిగట్టలేకపోవచ్చును. బయలుదేరుటకు ముందు పరీక్షకు ఇంగ్లాండు ఈ రెండింటినీ అంగీకరించినది గాని, పరీక్షకు కనీసం 97 శాతం విశిష్టత, నిర్దిష్ట వైరస్ పరిమాణం వద్ద 80 శాతం సున్నితత్వం ఉండవలెనని నియమం పెట్టినది. రెండవ రోజు పరీక్ష మాత్రం పీసీఆర్ మాత్రమే కావలెను. కొత్త రకం వైరస్‌ను కనుగొనుటకు జన్యుక్రమ విశ్లేషణ చేయవలెనన్నచో పీసీఆర్ నమూనా అవసరం కావడమే ఇందుకు కారణం.

జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్ఎస్) పౌరులకు ఉచితంగా అందించే పరీక్షలను ప్రయాణాలకు వాడుకొనరాదు. ప్రయాణ పరీక్షలను డబ్బు చెల్లించి చేయించుకోవలెను. రెండవ రోజు పరీక్షకు ముందుగానే సొమ్ము చెల్లించి, ఆ సంఖ్యను ప్రయాణికుల సమాచార పత్రంలో నింపవలెను. ఇంగ్లాండు చేరుటకు ముందు 48 గంటలలోపు ఆన్‌లైన్‌లో నింపవలసిన ఈ పత్రం లేనిదే విమానం ఎక్కనిచ్చేవారు కాదు.

టీకా, ధ్రువపత్రాలు

"పూర్తిగా టీకా వేయించుకున్న వ్యక్తి" అనగా నిర్ణీత మోతాదులలో చివరిది వేయించుకొని 14 రోజులు నిండిన వ్యక్తి అని ఇంగ్లాండు నిర్వచించినది. రెండవ మోతాదు వేయించుకున్న వారం రోజులకే విదేశం నుండి తిరిగి వచ్చిన వ్యక్తి, చేతిలో ధ్రువపత్రం ఉన్నప్పటికీ, టీకా లేనివానితో సమానంగానే పరిగణింపబడేవాడు.

ఇంగ్లాండు ప్రజలకు 2021 మే 17 నుండి ఎన్‌హెచ్ఎస్ యాప్ ద్వారా టీకా వివరాలు చూపించే సదుపాయం కలిగినది. ఐరోపా సమాఖ్య 2021 జూలై 1 నుండి డిజిటల్ కోవిడ్ ధ్రువపత్రాన్ని ప్రవేశపెట్టినది. టీకా, పరీక్ష ఫలితం, వ్యాధి నుండి కోలుకొనుట అనే మూడింటిలో ఏదో ఒకదానిని క్యూఆర్ సంకేతం ద్వారా తెలుపునట్టిది ఈ ధ్రువపత్రం. 2022 ఫిబ్రవరి 1 నుండి, బూస్టర్ వేయించుకోని పక్షంలో, తొలి టీకాల ధ్రువపత్రానికి ప్రయాణాల నిమిత్తం 270 రోజుల గడువు విధించారు. ఈ ధ్రువపత్రపు చట్టం 2023 జూన్ 30న ముగిసినది. భారతదేశంలో కోవిన్ పోర్టల్ ద్వారా ధ్రువపత్రాలు జారీ అయ్యాయి.

గమ్యదేశపు నిబంధనలు

ట్రాఫిక్ లైట్ జాబితా బ్రిటన్‌కు తిరిగి వచ్చేటప్పటి నియమాలను మాత్రమే తెలుపును. ఒక దేశం ఆకుపచ్చ జాబితాలో ఉన్నంత మాత్రాన ఆ దేశం బ్రిటిష్ పర్యాటకులను రానిచ్చునని అర్థం కాదు. ప్రయాణికుడు వెళ్ళేటప్పుడు గమ్యదేశపు నిబంధనలను, మధ్యలో విమానం మారే దేశపు నిబంధనలను, తిరిగి వచ్చేటప్పుడు స్వదేశపు నిబంధనలను విడివిడిగా పాటింపవలసి ఉండేది. ఈ మూడింటిలో వయోపరిమితులు కూడా వేర్వేరుగా ఉండేవి.

ఇందుకు స్పెయిన్ మంచి ఉదాహరణ. 2021 జూలై 2 నుండి బ్రిటన్ నుండి వచ్చేవారు టీకా ధ్రువపత్రం గాని, వ్యాధి లేదన్న పరీక్ష పత్రం గాని చూపవలెనని, 12 ఏళ్ళలోపు పిల్లలకు ఇది వర్తించదని ఆ దేశం ప్రకటించినది. 2021 డిసెంబరు 1 నుండి పరీక్ష పత్రం చాలదని, 12 ఏళ్ళు, ఆపైన వయసు గల పర్యాటకులు పూర్తిగా టీకా వేయించుకొని ఉండవలెనని మార్చినది. ఇంగ్లాండులో 12 నుండి 15 ఏళ్ళ పిల్లలకు సెప్టెంబరులో టీకాలు మొదలైనప్పుడు ఒక్క మోతాదు మాత్రమే ఇచ్చారు. అందువలన స్వదేశపు వైద్యసలహాను తు.చ. తప్పక పాటించిన కుటుంబాలు సైతం పిల్లలతో స్పెయిన్ వెళ్ళలేకపోయాయి. 2022 ఫిబ్రవరి 14 నుండి 12–17 ఏళ్ళ వారికి పరీక్ష పత్రాన్ని తిరిగి అంగీకరించిన తరువాతనే ఈ చిక్కు తీరినది.

ఒక ఉదాహరణ

నిబంధనలు ఎలా వర్తించేవో తెలియుటకు లండన్‌లో నివసించే నలుగురు సభ్యుల కుటుంబం 2021 ఆగస్టు నెలాఖరున స్పెయిన్ వెళ్ళి వచ్చినట్లు భావిద్దాం. తల్లిదండ్రులిద్దరూ బ్రిటన్‌లో టీకాలు పూర్తి చేసుకున్నారు. కుమారునికి 12 ఏళ్ళు, కుమార్తెకు 4 ఏళ్ళు.

వెళ్ళేటప్పుడు: తల్లిదండ్రులకు టీకా ధ్రువపత్రం చాలును. కుమారునికి 12 నిండినవి కావున స్పెయిన్ నియమం ప్రకారం పరీక్ష పత్రం కావలెను. కుమార్తెకు అవసరం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు: బయలుదేరుటకు ముందు పరీక్ష 11 ఏళ్ళు, ఆపైన వారికి వర్తించును కావున ముగ్గురికి చేయించవలెను. రెండవ రోజు పీసీఆర్ 5 ఏళ్ళు, ఆపైన వారికి కావున మళ్ళీ ముగ్గురికి చేయించవలెను. స్పెయిన్ పసుపు జాబితాలో ఉన్నను తల్లిదండ్రులకు టీకా వలన, పిల్లలకు 18 ఏళ్ళలోపు బ్రిటన్ నివాసులు అగుట వలన ఏకాంతవాసం లేదు. ఎన్‌హెచ్ఎస్ టెస్ట్ అండ్ ట్రేస్ వారి ధర ఒక్కొక్క పరీక్షకు 68 పౌండ్ల చొప్పున లెక్కించినచో, రెండవ రోజు పరీక్షలకే 204 పౌండ్లు అగును.

తండ్రికి రెండవ మోతాదు వేసి 14 రోజులు నిండలేదనుకొన్నచో, అతడు మాత్రం 10 రోజులు ఇంటిలో ఏకాంతంగా ఉండి, ఎనిమిదవ రోజు పరీక్ష కూడా చేయించుకోవలెను. అప్పుడు రెండు పరీక్షలకు అతనికి 136 పౌండ్లు, మొత్తం కుటుంబానికి 272 పౌండ్లు అగును. ఒకే ఇంటిలో, ఒకే విమానంలో వచ్చినవారికి వేర్వేరు నియమాలు వర్తించుట ఈ విధానంలో సర్వసాధారణం.

జాబితాలలో మార్పులు

జాబితాలను సుమారు మూడు వారాల కొకసారి సమీక్షించేవారు. 2021 మే 12 నుండి టర్కీ, నేపాల్, మాల్దీవులు ఎరుపు జాబితాలో చేరాయి. టర్కీ ఎరుపు జాబితాలో చేరడంతో, రెండు ఇంగ్లీషు జట్లు తలపడిన ఐరోపా చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను ఇస్తాంబుల్ నుండి పోర్చుగల్‌లోని పోర్టోకు మార్చారు. కొద్ది రోజులకే, జూన్ 8 నుండి, పోర్చుగల్ సైతం పసుపు జాబితాలోకి పోయినది. జూన్ 3న ప్రకటన వెలువడగానే అక్కడ ఉన్న వేలాది పర్యాటకులు గడువులోపు తిరిగి రావడానికి విమాన టికెట్ల కోసం పోటీపడ్డారు.

స్పెయిన్‌కు చెందిన బాలియారిక్ దీవులు జూన్ 30న ఆకుపచ్చ జాబితాలో చేరి, జూలై 19న పసుపులోకి మారాయి. ఫ్రాన్సు పసుపు జాబితాలోనే ఉన్నప్పటికీ, బీటా రకం వైరస్ భయంతో జూలై 19 నుండి ఆగస్టు 8 వరకు అక్కడి నుండి వచ్చేవారికి టీకా మినహాయింపును వర్తింపజేయలేదు. మెక్సికో ఆగస్టు 8 నుండి ఎరుపు జాబితాలో చేరినది.

భారతదేశం, ఎరుపు జాబితా

బ్రిటన్‌లో ఆల్ఫా రకం వైరస్ బయటపడినప్పుడు భారతదేశం 2020 డిసెంబరు 22 అర్ధరాత్రి నుండి 2021 జనవరి 7 వరకు బ్రిటన్ నుండి విమానాలను నిలిపివేసినది. నాలుగు నెలలు గడిచేసరికి పరిస్థితి తారుమారైనది. భారతదేశంలో రెండవ విజృంభణ తీవ్రమగుటతో 2021 ఏప్రిల్ 19న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ తన భారత పర్యటనను రద్దు చేసుకున్నారు. అదే రోజున భారతదేశాన్ని ఎరుపు జాబితాలో చేర్చుచున్నట్లు ప్రకటన వెలువడినది. ఇది ఏప్రిల్ 23 తెల్లవారుజామున 4 గంటల నుండి అమలైనది. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లను ఏప్రిల్ 9నే చేర్చి, భారతదేశం విషయంలో రెండు వారాలు జాగు చేయుట వలన డెల్టా రకం బ్రిటన్‌లో వ్యాపించినదని ప్రతిపక్షం విమర్శించినది.

ఈ నిర్ణయం వలన స్వస్థలంలో జబ్బుపడిన తల్లిదండ్రులను చూడబోయిన ప్రవాసులు తిరుగు ప్రయాణంలో హోటల్ ఏకాంతవాసపు ఖర్చు భరింపవలసి వచ్చినది. పర్యాటక వీసా గలవారు అసలు ప్రవేశింపలేకపోయారు. ఆగస్టు 8న భారతదేశం, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఖతార్, బహ్రెయిన్‌లతో పాటు పసుపు జాబితాలోకి మారడంతో, సెప్టెంబరులో చదువులు ప్రారంభించవలసిన విద్యార్థులకు ఊరట కలిగినది.

విద్యార్థులకు టీకా కూడా సమస్యే అయినది. 2021 మే 13న భారత ప్రభుత్వం కోవిషీల్డ్ రెండు మోతాదుల మధ్య వ్యవధిని 12–16 వారాలకు పెంచగా, విదేశీ విశ్వవిద్యాలయాలలో చేరవలసినవారికి గడువులోపు రెండవ మోతాదు అందే అవకాశం లేకపోయినది. దీనిపై జూన్ 7న ప్రత్యేక మార్గదర్శకాలు విడుదలయ్యాయి. చదువు, ఉద్యోగాల కోసం విదేశాలకు వెళ్ళేవారు, టోక్యో ఒలింపిక్స్ క్రీడాకారులు 28 రోజుల తరువాత రెండవ మోతాదు వేయించుకోవచ్చునని, ధ్రువపత్రంలో పాస్‌పోర్టు సంఖ్యను చేర్చవలెనని అందులో పేర్కొన్నారు. హైదరాబాదు నారాయణగూడలో, పచ్చజ్వరం టీకాకు పేరుపొందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో విదేశాలకు వెళ్ళే విద్యార్థుల కొరకు 2021 జూన్‌లో ప్రత్యేకంగా టీకాలు వేశారు.

కోవిషీల్డ్ వివాదం

కోవిషీల్డ్ అనునది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఆస్ట్రాజెనెకా సంస్థ రూపొందించిన టీకాకు పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టిన పేరు. బ్రిటన్‌లో కోట్లాది మందికి వేసిన ఆస్ట్రాజెనెకా టీకాయే ఇది. అయినప్పటికీ దీనికి గుర్తింపు విషయంలో రెండు వేర్వేరు చిక్కులు ఎదురయ్యాయి.

మొదటిది బ్రిటిష్ పౌరులకే ఎదురైనది. బ్రిటన్ 2021 ఆరంభంలో సీరం ఇన్‌స్టిట్యూట్ నుండి దిగుమతి చేసుకొన్న మోతాదులను అక్కడి ప్రజలకు వేసినది. వీటి బ్యాచ్ సంఖ్యలు 4120జెడ్001, 4120జెడ్002, 4120జెడ్003. సుమారు 50 లక్షల వరకు ఉన్న ఈ మోతాదులు పుణెలో తయారైనవి. ఐరోపా ఔషధ సంస్థ ఆ కర్మాగారానికి అనుమతి ఇవ్వలేదు కావున ఐరోపా సమాఖ్య ధ్రువపత్రానికి ఇవి చెల్లలేదు. 2021 జూలైలో మాల్టా వెళ్ళబోయిన కొందరు బ్రిటిష్ ప్రయాణికులను బ్యాచ్ సంఖ్య కారణంగా విమానం ఎక్కనివ్వలేదు. అదే నెలలో మాల్టా తన నియమాన్ని సవరించుకున్నది.

రెండవది భారతీయులకు ఎదురైనది. అక్టోబరు 4 నుండి అమలులోకి రానున్న సరళీకృత నిబంధనలను బ్రిటన్ 2021 సెప్టెంబరు 17న ప్రకటించినది. భారతదేశంలో టీకా వేయించుకున్నవారిని టీకా లేనివారిగానే పరిగణించి 10 రోజులు ఏకాంతంగా ఉంచవలెనని వాటి సారాంశం. దీనిపై విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ న్యూయార్కులో బ్రిటన్ విదేశాంగ మంత్రి లిజ్ ట్రస్‌తో చర్చించారు. విదేశాంగ కార్యదర్శి హర్షవర్ధన్ ష్రింగ్లా దీనిని వివక్షాపూరితంగా అభివర్ణించారు. సెప్టెంబరు 22న బ్రిటన్ కోవిషీల్డ్‌ను ఆమోదిత టీకాగా పేర్కొన్నది గాని, ధ్రువపత్రాలు చెల్లే దేశాల జాబితాలో భారతదేశాన్ని చేర్చలేదు. టీకాను గుర్తించి, టీకా వేసినట్లు తెలిపే పత్రాన్ని గుర్తించకపోవడం వివాదాన్ని మరింత పెంచినది. కోవిన్ ధ్రువపత్రంపై పూర్తి పుట్టినతేదీ లేకపోవడం చర్చకు రాగా, విదేశాలకు వెళ్ళేవారి కొరకు దానిని చేర్చే ఏర్పాటు జరిగినది.

దీనికి ప్రతిగా భారతదేశం అక్టోబరు 4 నుండి బ్రిటిష్ పౌరులందరికీ, టీకా ఉన్నా లేకున్నా, ప్రయాణానికి 72 గంటల ముందు ఒకటి, విమానాశ్రయంలో ఒకటి, ఎనిమిదవ రోజున ఒకటి చొప్పున ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలను, 10 రోజుల ఏకాంతవాసాన్ని విధించినది. బ్రిటిష్ పౌరసత్వం తీసుకొన్న తెలుగు కుటుంబాలకు దసరా సెలవుల ముందు ఇది ఇబ్బందికరమైనది. అక్టోబరు 7న బ్రిటన్ మరి 37 దేశాలను గుర్తిస్తూ, అక్టోబరు 11 నుండి కోవిషీల్డ్ వేయించుకొన్న భారతీయులకు ఏకాంతవాసం అక్కరలేదని ప్రకటించినది. భారతదేశం కూడా అక్టోబరు 13న తన ప్రతిచర్యలను ఉపసంహరించుకున్నది.

కోవాగ్జిన్

హైదరాబాదు సమీపంలోని జీనోమ్ వ్యాలీకి చెందిన భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో రూపొందించిన కోవాగ్జిన్‌కు విదేశాలలో గుర్తింపు ఆలస్యంగా లభించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 3న దీనిని అత్యవసర వినియోగ జాబితాలో చేర్చినది. ఆస్ట్రేలియా నవంబరు 1 నుండి ప్రయాణాల నిమిత్తం గుర్తించినది. అమెరికా నవంబరు 8 నుండి విదేశీ ప్రయాణికులకు టీకాను తప్పనిసరి చేసినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని టీకాలను అంగీకరించుట వలన కోవాగ్జిన్ కూడా చెల్లినది. బ్రిటన్ నవంబరు 22 నుండి దీనిని గుర్తించినది. అంతవరకు కోవాగ్జిన్ వేయించుకున్నవారు బ్రిటన్‌లో టీకా లేనివారితో సమానంగా ఏకాంతవాసం పాటింపవలసి వచ్చినది.

ఖర్చులు

హోటల్ ఏకాంతవాసానికి తొలుత ఒక్క వయోజనునికి 1,750 పౌండ్లు వసూలు చేసేవారు. 2021 ఆగస్టు 12 నుండి దీనిని 2,285 పౌండ్లకు, అదే గదిలోని రెండవ వయోజనునికి 650 నుండి 1,430 పౌండ్లకు పెంచారు. ఈ లెక్కన భార్యాభర్తలకు 3,715 పౌండ్లు అయ్యేవి. ఎన్‌హెచ్ఎస్ టెస్ట్ అండ్ ట్రేస్ ప్రయాణ పరీక్ష ధరను ఆగస్టులో 88 నుండి 68 పౌండ్లకు తగ్గించారు. ప్రైవేటు సంస్థల ధరలలో పెద్ద వ్యత్యాసాలు ఉండేవి. ప్రభుత్వ జాబితాలో తక్కువ ధర చూపి, వాస్తవంగా ఎక్కువ వసూలు చేయుట, ఫలితాలు సకాలంలో ఇవ్వకపోవుట వంటి ఫిర్యాదులపై పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ విచారణ జరిపినది.

ఒమిక్రాన్, నిబంధనల ముగింపు

2021 అక్టోబరు 4న ఆకుపచ్చ, పసుపు జాబితాలను రద్దు చేసి, ఎరుపు జాబితాను మాత్రమే ఉంచారు. టీకా పూర్తయినవారికి బయలుదేరుటకు ముందు పరీక్ష తొలగినది. అక్టోబరు 24 నుండి ఇంగ్లాండులో రెండవ రోజు పీసీఆర్‌కు బదులు లేటరల్ ఫ్లో పరీక్ష చాలునన్నారు. నవంబరు 1 నాటికి ఎరుపు జాబితా ఖాళీ అయినది.

ఒమిక్రాన్ రకం బయటపడుటతో నవంబరు 26న దక్షిణాఫ్రికాతో సహా ఆరు దేశాలను తిరిగి ఎరుపు జాబితాలో చేర్చారు. నవంబరు 30 నుండి అందరికీ రెండవ రోజు పీసీఆర్, ఫలితం వచ్చే వరకు ఏకాంతవాసం, డిసెంబరు 7 నుండి 12 ఏళ్ళు, ఆపైన వారికి బయలుదేరుటకు ముందు పరీక్ష తిరిగి వచ్చాయి. ఒమిక్రాన్ బ్రిటన్‌లోనే విస్తృతంగా వ్యాపించిన పిమ్మట, ఎరుపు జాబితా వలన ప్రయోజనం లేదని డిసెంబరు 15న అందులోని 11 దేశాలను తొలగించారు. డిసెంబరు 18 నుండి 2022 జనవరి 14 వరకు ఫ్రాన్సు బ్రిటన్ పర్యాటకులను రానివ్వలేదు.

2022 ఫిబ్రవరి 11 నుండి టీకా పూర్తయినవారికి పరీక్షలన్నీ రద్దు అయ్యాయి. 2022 మార్చి 18 నుండి సమాచార పత్రంతో సహా బ్రిటన్ కోవిడ్ ప్రయాణ నిబంధనలన్నీ తొలగిపోయాయి. 2023 జనవరి 5 నుండి ఏప్రిల్ 5 వరకు చైనా నుండి ఇంగ్లాండుకు వచ్చేవారికి మాత్రం పరీక్ష విధించారు. భారతదేశం 2022 మార్చి 27న క్రమబద్ధమైన అంతర్జాతీయ విమానాలను పునఃప్రారంభించి, 2022 నవంబరు 22న ఎయిర్ సువిధ పత్రాన్ని రద్దు చేసినది. అమెరికా 2023 మే 12 నుండి విదేశీ ప్రయాణికులకు టీకా నియమాన్ని ఎత్తివేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితి ముగిసినట్లు 2023 మే 5న ప్రకటించినది.

సమీక్ష, విమర్శ

2021 ఫిబ్రవరి నుండి 2022 జనవరి వరకు ప్రయాణ నిబంధనలు కనీసం 10 పర్యాయాలు మారాయని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2022 ఏప్రిల్‌లో పేర్కొన్నది. 2021–22 ఆర్థిక సంవత్సరంలో వీటి అమలుకు ప్రభుత్వం కనీసం 48.6 కోట్ల పౌండ్లు వెచ్చించినది. పార్లమెంటు రవాణా సంఘం అదే నెలలో నిబంధనలు అస్థిరంగా ఉండి ప్రయాణికులను, విమాన పరిశ్రమను అయోమయానికి గురిచేసినవని విమర్శించినది. కొత్త రకాలు దేశంలోకి ప్రవేశించే వేగాన్ని తగ్గించి, టీకాలు వేయుటకు వ్యవధి కల్పించుట ఈ నియమాల ఉద్దేశమని ప్రభుత్వం సమర్థించుకున్నది. అయితే డెల్టా, ఒమిక్రాన్ రెండూ బ్రిటన్‌లో ప్రబలకుండా ఇవి ఆపలేకపోయాయి.

ఒకే టీకా ఒక దేశంలో చెల్లి మరొక దేశంలో చెల్లకపోవుట వలన ఎదురైన చిక్కులు అందరికీ సమ్మతమైన ధ్రువపత్రం ఆవశ్యకతను తెలియజేశాయి. ఐరోపా సమాఖ్య రూపొందించిన డిజిటల్ ధ్రువపత్ర విధానాన్ని ఆధారంగా చేసుకొని ప్రపంచవ్యాప్త ఆరోగ్య ధ్రువీకరణ వ్యవస్థను నెలకొల్పనున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జూన్ 5న ప్రకటించినది.

ఇవి కూడా చూడండి

కోవిడ్-19 మహమ్మారి
కోవిషీల్డ్
కోవాగ్జిన్
పచ్చజ్వరం
వందే భారత్ మిషన్